తాళము వేసిన యింటిలో బిడ్డల సంరక్షణ

చదువరులారా! తలుపునకు గడియ వేయుట యెల్లరి యిండ్లలోను జరుగు పనియే. జ్వరముతో కలవరించు బిడ్డ రాత్రివేళ లేచి నూతివైపు పోకుండునట్లు తల్లి తలుపు గడియ వేసి, గడప కడ్డముగా చాప పరచుకొని పండుకొనును. దొంగను పట్టి కొట్టుగదిలో త్రోసి బయట గడియ వేయుటయు కలదు. రెండు చోట్లను గడియ యొక్కటే, తలుపు నొక్కటే. కాని లోపల నున్న వానికి రెండును ఒక్కటి కావు. మొదటి గడియ వెనుక తల్లి యున్నది. రెండవ గడియ వెనుక ఎవ్వరును లేరు.

ఈ భేదమును మనస్సున నుంచుకొని యీ పాఠమును చదువుడు. తమకు తామే హాని చేసికొందురనియో, ఇతరులకు హాని చేయుదురనియో భయము కలిగినపుడు కొందరు బాలబాలికలను తాళము వేసిన యిండ్లలో నుంచి సంరక్షించు పద్ధతి అనేక దేశములలో కలదు. అట్టి యిల్లు చెరసాల యగుటయు, ఆశ్రయ మగుటయు దేనిపై ఆధారపడి యున్నది? గోడ యెత్తుపైనా? తాళపు బలముపైనా? లేక, లోపల పనిచేయు మనుష్యులపైనా? ఈ ప్రశ్నకు స్కాట్లండు దేశపు అనుభవమును ఆధారముగా గొని సమాధానము వెదకుదము.

1. భద్రగృహ మనగా నేమి?

స్కాట్లండులో ఈ పద్ధతిని సెక్యూర్ కేర్ అందురు. మన మీ పాఠములో అట్టి యింటిని భద్రగృహ మని పిలుతము. ఇందలి పిల్లలు తమ యిష్టప్రకారము వెలుపలికి పోజాలరు. కాని యది కారాగారము కాదు. ఒక్కొక్క బిడ్డకు వేరు గది యుండును. కొలదిమంది పిల్లలు ఒక చిన్న కుటుంబమువలె కలసి భుజింతురు. బడి యా ఆవరణములోనే యుండును. ఆటస్థలమును, వైద్యసహాయమును నచ్చటనే కలవు. 2024వ సంవత్సరము నాటికి ఆ దేశమున నిట్టి కేంద్రములు నాలుగు ధర్మసంస్థల నిర్వహణలో నుండెను. అన్నిటిలోను కలిపి చోట్లు 80కి లోపే. దేశమంతటిలో నెందరో బిడ్డలు ప్రభుత్వ సంరక్షణలో నుండగా, తాళము వెనుక నుంచదగినవారు మిక్కిలి కొలదిమంది యని దీనివలన తేటపడుచున్నది.

2. పూర్వచరిత్ర

ఈ కేంద్రములలో కొన్నింటి మూలములు పందొమ్మిదవ శతాబ్దమున నున్నవి. ఆ కాలమున వీథులలో బిచ్చమెత్తుచు, ఆకలికి రొట్టె దొంగిలించిన బిడ్డలను పెద్దలతో బాటు చెరసాలకు పంపుచుండిరి. అబర్డీను నగరమున న్యాయాధికారిగా నుండిన విలియం వాట్సను గారు తమ యెదుటికి మరల మరల వచ్చుచున్న యీ చిన్నవారిని చూచి విచారించి, 1841లో ఒక పరిశ్రమ పాఠశాలను తెరిచిరి. అచ్చట పిల్లలకు మూడు పూటల భోజనమును, చదువును, చేతిపనియు నిచ్చుచుండిరి. ఎడింబరోలో థామస్ గత్రీ గారను మతబోధకులు 1847లో బీదబిడ్డలకై పాఠశాలను స్థాపించిరి. పెయిస్లీ పట్టణపు ఎలిజబెత్ కిబిల్ అను నామె నేరములలో చిక్కిన బాలుర నుద్ధరించుటకై తన ధనమును మరణశాసనమున నిచ్చెను. ఆ ధనముతో 1859లో పాఠశాల తెరువబడెను. మాంట్రోజు సమీపమున రాసీ సంస్థ 1857లో నారంభమయ్యెను. ఈ కడపటి రెండు సంస్థలును ఇప్పటి నాలుగింటిలో చేరినవే.

ఉద్దేశము మంచిదే యైనను, ఆ నాటి సంస్థలలో క్రమశిక్షణ మిక్కిలి కఠినముగా నుండెడిది. బిడ్డను మార్చవలె నన్న తలంపు బలముగా నుండెను గాని, బిడ్డ మాట వినవలె నన్న తలంపు లేకుండెను.

తలంపులలో పెద్ద మార్పు 1964లో వచ్చినది. లార్డు కిల్బ్రాండను అధ్యక్షతను ఒక సంఘము బాలనేరములను గూర్చి విచారించి యా సంవత్సరమున తన నివేదికను ప్రకటించెను. నేరము చేసిన బిడ్డను, ఇంటిలో నిరాదరణకు లోనైన బిడ్డను ప్రక్కప్రక్కన నిలిపి చూడగా, ఇరువురి కొరతలు నొక్కటియే యని యా సంఘము గ్రహించెను. నేడు దొంగిలించినవాడు నిన్న ఆకలిగొన్నవాడు. నేడు కొట్టినవాడు నిన్న దెబ్బలు తిన్నవాడు. కావున ఇరువురిని న్యాయస్థానమునకు గాక, బిడ్డ క్షేమమును విచారించు నొక సభకు పంపవలెనని వారు సలహా యిచ్చిరి. 1968లో చట్టము చేయబడెను. 1971లో బాలవిచారణ సభలు పని నారంభించినవి. అత్యంత ఘోరములైన నేరములు మాత్రము న్యాయస్థానములకే మిగిలినవి.

3. తాళము వేయు నధికార మెవరిది?

బాలవిచారణ సభలో ముగ్గురు సభ్యులుందురు. వీరు జీతము గైకొనక, శిక్షణ పొంది పనిచేయు సామాన్య పౌరులు. మన గ్రామములలో పెద్దమనుష్యులు రచ్చబండపై కూర్చుండి తగవు తీర్చినట్లే వీరును బల్ల చుట్టు కూర్చుందురు. కాని యిచ్చట జనసమూహ ముండదు. బిడ్డయు, తల్లిదండ్రులును, సాంఘిక సేవాధికారియు నా బల్ల చుట్టే యుందురు. ఎత్తైన పీఠముగాని, నల్లని అంగీగాని లేదు.

బిడ్డను భద్రగృహమునకు పంపుటకు 2011వ సంవత్సరపు చట్టము మూడు సందర్భములను పేర్కొనెను. మొదటిది: బిడ్డ ఇంతకు మునుపు పారిపోయి యుండి, మరల పారిపోవునని తోచి, పారిపోయినచో వాని దేహమునకో మనస్సునకో శీలమునకో అపాయము కలుగునట్లుండుట. రెండవది: తనకు తాను హాని చేసికొనునట్లుండుట. మూడవది: ఇతరులకు గాయము చేయునట్లుండుట. ఈ మూటిలో నొకటి యుండిన మాత్రమున చాలదు. ఇతర మార్గములన్నియు విచారించి, ఇదియే యవసరమని సభ నిశ్చయింపవలెను. అటుపిమ్మటను స్థానిక ప్రభుత్వపు ముఖ్య సేవాధికారియు, భద్రగృహపు అధిపతియు సమ్మతించిన గాని తాళము పడదు. బిడ్డకు న్యాయవాది సహాయము కలదు. సభ నిర్ణయముపై షెరిఫ్ అను న్యాయాధికారికి చెప్పుకొను హక్కును కలదు. మూడు మాసములు దాటకుండ సభ మరల కూడి, ఈ తాళ మింకను కావలెనా యని విచారింపవలెను.

ఇన్ని కట్టుబాట్లేల? బాలుని స్వేచ్ఛను హరించుట ప్రభుత్వము చేయగల మిక్కిలి బరువైన పనులలో నొకటి. ఐక్యరాజ్యసమితి 1989లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక, బిడ్డను నిర్బంధించుట కడపటి యుపాయముగా మాత్రమే యుండవలెననియు, అదియు వీలైనంత స్వల్పకాలమే యుండవలెననియు విధించెను.

4. కోపము వెనుక నున్న దేమి?

ఇప్పుడొక బాలికను ఊహింతము. ఆమెకు పదునైదేండ్లు. చిన్ననాట తల్లి మత్తుపదార్థములకు లోబడినది; తండ్రి కొట్టెడివాడు. నాలుగు పెంపుడిండ్లు మారినది. ప్రతి యింటను ఆమెయే మొదట తగవు పెట్టుకొనెను. ఎందుకనగా, వారు తన్ను విడిచిపెట్టుటకు ముందే తానే వారిని విడిచిపెట్టిన బాధ తక్కువ గదా! కడకు రాత్రులందు పారిపోయి, తనకు హాని చేయు పెద్దవారి చేతులలో పడుచు వచ్చినది. ఇట్టి బాలిక భద్రగృహమునకు వచ్చిన మొదటి రాత్రి, అన్నపు పళ్లెమును గోడకు విసరినచో మన మాశ్చర్యపడ నవసరము లేదు.

జాన్ బౌల్బీ యను మనోవైద్యులు దొంగతనము చేసిన 44 మంది పిల్లలను పరీక్షించి 1944లో ఒక వ్యాసమును ప్రకటించిరి. వారిలో ఎవరియెడను మమత చూపజాలని వారు 14 మంది. ఆ పదునలుగురిలో 12 మంది చిన్ననాటనే దీర్ఘకాలము తల్లికి దూరమైనవారు. తరువాతి పండితులు ఈ పరీక్షలోని లోపములను చూపిరి. తల్లి యెడబాటొక్కటియే కారణము కాదనియు, ఇంటిలోని కలహములును, నిరాదరణయు కారణములే యనియు వివరించిరి. అయినను మూలమైన బోధ నిలిచియున్నది. భయముతో పెరిగిన బిడ్డ దేహము ఎల్లప్పుడు అపాయమునకు సిద్ధమై యుండును. ద్వారము చప్పుడైనను ఉలికిపడును. దయగా పలికిన మాటలో గూడ మోసమును వెదకును. కావున భద్రగృహములో పనిచేయువారికి మొదట నేర్పు పాఠ మిది: “ఈ బిడ్డకు ఏమి చెడు పట్టినది?” అని యడుగవద్దు, “ఈ బిడ్డకు ఏమి జరిగినది?” అని యడుగుము.

5. లోపల పనిచేయువారు

(అ) సంరక్షకులు. వీరు రాత్రింబగళ్లు వంతులవారీగా బిడ్డలతో నుండువారు. ప్రతి బిడ్డకు వీరిలో నొకరిని ముఖ్య సంరక్షకునిగా నేర్పరుతురు. వీరి పని చూచుటకు మిక్కిలి సామాన్యముగా తోచును: ఉదయమున లేపుట, కలసి భుజించుట, చీట్లాడుట, బట్టలు మడచుట, నిద్ర రాని రాత్రి గడపకడ కూర్చుండి మాటలాడుట. కాని చికిత్స యంతయు నిందులోనే యున్నది. మన పైని చెప్పిన బాలిక పళ్లెము విసరిన మరునాడు ఉదయమున అదే సంరక్షకురాలు అదే స్వరముతో పలుకరించి, మరల పళ్లెమునందు ఫలాహారము పెట్టినచో, ఆ బాలిక జీవితములో నొక నూతన సంగతి జరిగినదన్నమాట. కోపగించినను ఈ మనిషి వెళ్లిపోలేదు! ఇట్టి సంగతి నూరుమారులు జరిగిన గాని నమ్మకము మొలకెత్తదు. వీరందరును ఆ దేశపు సాంఘిక సేవామండలియందు పేరు నమోదు చేసికొని, తగిన శిక్షణ పొందవలెను. నియమము తప్పినవారి పేరు కొట్టివేయబడును.

(ఆ) ఉపాధ్యాయులు. ఈ పిల్లలలో పెక్కుమంది బడికి దూరమైనవారు. పదునైదేండ్ల వయస్సున చదువుట రానివానికి, అందరి యెదుట ఆ సంగతి బయటపడుట కంటె బల్ల తన్ని బయటికి పోవుట సులభము. కావున తరగతులు మిక్కిలి చిన్నవిగా నుంచి, బిడ్డ యెచ్చట ఆగిపోయెనో అచ్చటనుండియే మొదలిడుదురు. వడ్రంగము, వంట, సంగీతము, చిత్రలేఖనము నేర్పుదురు. దేశమందలి ఇతర బాలురు వ్రాయు పరీక్షలనే వీరును వ్రాయవచ్చును. ఒక్క పరీక్షయందు కృతార్థుడైన బాలుడు, తన్ను గూర్చి తాను చెప్పుకొను కథను మార్చుకొనుట కారంభించును.

(ఇ) వైద్యులు, దాదులు, మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు. పిల్లల దంతములు, కన్నులు, నిద్ర, ఆహారము మొదలుకొని చూతురు. ఎన్నో యేండ్లు ఎవరును చూడని జబ్బులు బయటపడుచుండును. మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు బిడ్డతో మాటలాడుటయే గాక, సంరక్షకులతోను కూర్చుండి, ఈ బిడ్డ సాయంకాలమందే యేల కలత చెందుచున్నది, ఏ మాట ఆమెకు గాయము చేయుచున్నది యని విప్పి చెప్పును. నిత్యము బిడ్డల దుఃఖమును మోయు సంరక్షకులకు గూడ ఆదరణ కావలెను. అలసిన చేయి దీపమును నిలుపజాలదు గదా!

(ఈ) సాంఘిక సేవాధికారి. ఈయన భద్రగృహమునకు వెలుపల నుండువాడు. బిడ్డ యెచ్చటనుండి వచ్చెనో, మరల ఎచ్చటికి పోవలెనో ఈయన చూడవలెను. తల్లితోను, అవ్వతోను, అన్నదమ్ములతోను సంబంధము తెగకుండ కాపాడుట ఈయన పని.

(ఉ) బిడ్డ పక్షమున మాటలాడువారు. సంస్థకు గాని ప్రభుత్వమునకు గాని లోబడక, బిడ్డ యేమి చెప్పదలచెనో దానిని సభకు విన్నవించు సహాయకు లుందురు. 2020 నవంబరు నుండి బాలవిచారణ సభకు వచ్చు ప్రతి బిడ్డకు నిట్టి సహాయము లభించు ఏర్పాటు జరిగినది. సహాయకుడు తన అభిప్రాయమును చెప్పడు. బిడ్డ మాటనే చెప్పును. “నాకు మా చెల్లెలిని చూడవలెనని యున్నది” అను చిన్న మాటను పెద్దల బల్లపై నిలుపుట సామాన్యమైన పని కాదు.

(ఊ) పరీక్షాధికారులు. తాళము వేసిన చోట అన్యాయము జరిగినచో వెలుపలివారికి తెలియుట కష్టము. కావున సంరక్షణ పరీక్షా సంస్థ యొకటి యీ గృహములను దర్శించి, పిల్లలతో మాటలాడి, తాను కనుగొన్న దానిని బహిరంగముగా ప్రకటించును. ఎంత మంచివారి చేతనైనను తాళపుచెవి యున్నపుడు, ఆ చేతిని చూచు కన్ను ఒకటి యుండవలెను.

6. చేయి వేయుటను గూర్చి

ఇచ్చట నొక కఠినమైన విషయమును దాచక చెప్పవలెను. బిడ్డ తనకో యితరులకో హాని చేయబోవునపుడు సంరక్షకులు చేతులతో పట్టి యాపవలసి వచ్చును. చిన్ననాట దెబ్బలు తిన్న బిడ్డకు ఇది పాతగాయమును రేపును. పట్టుకొన్న సంరక్షకునికిని ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ దేశమున సంరక్షణ పద్ధతియంతయు విచారించిన స్వతంత్ర సంఘము 5,500 మందికి పైగా అనుభవజ్ఞుల మాటలు విని, 2020 ఫిబ్రవరిలో “వాగ్దానము” అను పేర తన నివేదికను ప్రకటించెను. పిల్లలను పట్టి నిర్బంధింపని దేశముగా స్కాట్లండు మారుటకు పాటుపడవలెనని యందు చెప్పబడినది.

ఇది యెట్లు సాధ్యము? కలహము పండిన పిదప గాక, మొలకెత్తునపుడే గుర్తించుట వలన. స్వరము తగ్గించుట, దారి యడ్డగింపక ప్రక్కకు జరుగుట, చూచుచున్న యితర పిల్లలను దూరముగా తీసికొనిపోవుట, “నీవు కోపముగా నున్నావు, నేనిచ్చటనే యుందును” అని పలుకుట, ఇవి యన్నియు నేర్వదగిన విద్యలు. తప్పనిసరియై పట్టుకొన్నచో, ఆ సంగతి వ్రాసి యుంచవలెను. శాంతించిన పిదప బిడ్డతో కూర్చుండి, ఏమి జరిగెనో ఇరువురును మాటలాడుకొనవలెను. తప్పు తనదైనచో పెద్దవాడు క్షమాపణ వేడవలెను. పెద్దవారు క్షమాపణ వేడుట నెన్నడును చూడని బిడ్డకు అది గొప్ప పాఠము.

7. నలువదినాలుగు నియమములు

2020 అక్టోబరులో స్కాట్లండు ప్రభుత్వము భద్రసంరక్షణకు 44 నియమములను ప్రకటించెను. అందలి విశేష మేమనగా, అవి అధికారి నోటి మాటలుగా గాక బిడ్డ నోటి మాటలుగా వ్రాయబడినవి. భద్రగృహములలో నివసించి వచ్చిన యువజనులు వాని రచనలో పాల్గొనిరి. ఆ నియమములు మూడు భాగములు: తాళము పడుటకు ముందు, లోపల నున్నపుడు, వెలుపలికి వచ్చిన పిమ్మట.

మొదటి భాగము మిక్కిలి ముఖ్యము. భద్రగృహమునకు పంపకుండ కాపాడుటకు ఏమేమి చేయవచ్చునో అన్నియు చేసితిరా యని యది యడుగుచున్నది. మూడవ భాగమును నట్టిదే. ఆరు మాసములు ఇతరులు ద్వారము తెరచిన గాని నడువని బిడ్డ, ఒక దినమున రహదారిపై నిలిచినచో భయపడుట సహజము. కావున వెలుపలికి వచ్చు దినమును, వచ్చిన దినమునుండియే ఆలోచింపవలెను. మొదట సంరక్షకునితో గంటసేపు వెలుపలికి పోవుట, పిమ్మట ఇంటికి పోయి భోజనము చేసి వచ్చుట, అటుతరువాత ఒక రాత్రి యుండుట, ఇట్లు మెట్టుమెట్టుగా జరుగవలెను. స్కాట్లండు చట్టమున, పదునారవ యేటను ఆ తరువాతను ప్రభుత్వ సంరక్షణలో నున్నవారు 26 ఏండ్లు నిండువరకు సహాయము కోరు మార్గము కలదు. మన యిండ్లలో మాత్రము పదునెనిమిదేండ్లు నిండిన దినముననే బిడ్డను వీథిలో నిలుపుదుమా?

8. చోటు దొరకని బాలుడు

ఈ యేర్పాట్లన్నియు నున్నను అన్నియు చక్కగా జరుగుచున్నవని చెప్పుటకు వీలులేదు. 2018 అక్టోబరులో, చిన్ననాటనుండి సంరక్షణలో పెరిగిన పదునారేండ్ల బాలుడొకడు విచారణకు ముందు నిర్బంధింపబడెను. ఆనాడు భద్రగృహములలో చోటు లేదు. కావున పోల్మంటు అను యువజన కారాగారమునకు పంపిరి. మూడు దినములలో ఆ బాలుడు తన ప్రాణమును తీసికొనెను. 2025 జనవరిలో వెలువడిన న్యాయవిచారణ తీర్పు, ఆ మరణమును నివారింప వీలుండెనని చెప్పెను. ఏ యొక్కరును క్రూరులు కాకపోవచ్చును. ఒకచోట కాగితము అందలేదు. ఒకచోట హెచ్చరికను తేలికగా తీసికొనిరి. ఒకచోట చోటు లేదనిరి. ఇట్టి చిన్న చిన్న పగుళ్లనుండియే ఒక నిండు ప్రాణము జారిపోయినది.

2024లో స్కాట్లండు శాసనసభ చేసిన చట్టమువలన, పదునెనిమిదేండ్ల లోపు వారిని యువజన కారాగారమున నుంచుట యంతమొందెను. ఆ సంవత్సరము ఆగష్టు 28వ తేదీ నాటికి పోల్మంటులోని బాలురు భద్రగృహములకు మార్పబడిరి. ఆ బాలునికి ఈ చట్టము ఆలస్యముగా వచ్చినది. కాని చట్టము మార్చినంత మాత్రమున పని ముగియలేదు. తగినన్ని చోట్లును, శిక్షణగల మనుష్యులును లేనిచో, మంచి చట్టము గూడ కాగితముగనే మిగులును.

9. మన దేశమున

బ్రిస్టలు నగరమున బాలసంస్కరణ పాఠశాలను నడపిన మేరీ కార్పెంటరు గారు 1866లో మన దేశమునకు వచ్చి, ఇచ్చటి బాలనేరస్థులకు వేరు పాఠశాలలు కావలెనని చెప్పిరి. నాటి చెన్నపురి రాజధాని 1920లో బాలల చట్టమును చేసెను. మన దేశపు రాష్ట్రములలో నిదియే మొదటిది. కోస్తా జిల్లాలును రాయలసీమయు నాడా రాజధానిలోనివే గనుక, ఈ చరిత్రలో మనకును భాగము కలదు.

నేడు మన దేశమంతటికిని 2015వ సంవత్సరపు బాలన్యాయ చట్టము వర్తించుచున్నది. దాని ప్రకారము నేరము మోపబడిన బిడ్డను పోలీసు లాకప్పులో గాని, జైలులో గాని ఉంచరాదు. ప్రయాణకాలము గాక 24 గంటలలోపల బాలన్యాయ మండలి యెదుట నిలుపవలెను. ఆ మండలిలో ఒక మేజిస్ట్రేటును, ఇద్దరు సాంఘిక సేవకులును ఉందురు. ఆ యిద్దరిలో నొకరైనను స్త్రీయై యుండవలెను. ప్రొబేషను అధికారి బిడ్డ యింటికి పోయి, కుటుంబస్థితి విచారించి నివేదిక వ్రాయవలెను. పరిశీలక గృహమునందును, ప్రత్యేక గృహమునందును ప్రతి బిడ్డకు వేరు సంరక్షణ ప్రణాళిక యుండవలెను. ప్రత్యేక గృహమున నుంచు కాలము మూడేండ్లకు మించరాదు. బిడ్డ పేరును గాని, ముఖచిత్రమును గాని పత్రికలలో ప్రకటించుట నేరము. అతిఘోరమైన నేరము మోపబడిన పదునారు మొదలు పదునెనిమిది యేండ్లలోపు వారి విషయమున మాత్రము వేరు విచారణ కలదు. సంస్థలో నుంచుట కడపటి మార్గ మని ఈ చట్టమును చెప్పుచున్నది. స్కాట్లండు వారు చెప్పినదియు నిదియే.

10. ముగింపు

మొదట వేసిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పుదము. తాళము బిడ్డను ఆపగలదు గాని బాగుచేయజాలదు. అది కొంతకాలమును మాత్రము సంపాదించి యిచ్చును. ఆ కాలమును ఏమి చేయుదుమన్నదే ప్రశ్న. మరల మరల వచ్చు ఒకే ముఖము, ఆగినచోటనుండి మొదలుపెట్టు ఉపాధ్యాయుడు, బిడ్డ మాటను బల్లపై నిలుపు సహాయకుడు, తెరువబోవు ద్వారమును గూర్చి నేడే యోచించు సేవాధికారి, వీరు లోపల నున్నచో ఆ యిల్లు తల్లి వేసిన గడియ. వీరు లేనిచో అది చెరసాలయే. పేరు మార్చినను మారదు.

బాలబాలికలారా! మీ తరగతిలో నొకడు హఠాత్తుగా మౌనము వహించినను, కారణము లేక కలహించినను, వానిని పేరు పెట్టి వెక్కిరింపకుడు. వానికి ఏమి జరిగెనో మీరెరుగరు. మీకు నమ్మకమైన ఉపాధ్యాయునితో చెప్పుడు. ఆపదలో నున్న బిడ్డకై 1098 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో, మన దేశమున ఎచ్చటనుండియైనను సహాయము కోరవచ్చును. తల్లిదండ్రులారా! భద్రగృహమునకు చేరిన బిడ్డలలో పెక్కుమంది కథ, ఎవరో యొకరు సకాలమున విని యుండినచో, వేరుగా నుండెడిది. ఆ వినువారు మీరే యగుదురు గాక!

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. నేరము చేసిన బిడ్డకును, నిరాదరణకు లోనైన బిడ్డకును కొరతలు ఒక్కటియే యని కిల్బ్రాండను సంఘ మేల తలచెను?
2. బిడ్డను భద్రగృహమున నుంచుటకు ఒక్కరి నిర్ణయము చాలదని చట్టము విధించుటకు కారణమేమి?
3. బిడ్డ పక్షమున మాటలాడు సహాయకుడు తన అభిప్రాయమును చెప్పకుండుట యేల మంచిది?
4. నేరము మోపబడిన బిడ్డ పేరును పత్రికలలో ప్రకటింపరాదను నియమమువలన ఆ బిడ్డకు ముందుకాలమున కలుగు మేలును వివరింపుడు.
5. మీ బడిలో నూతనముగా చేరిన యొక బాలుడు ఎవరితోను కలియక కోపముగా నున్నచో, మొదటి వారమున మీరేమి చేయుదురో పది పంక్తులకు మించకుండ వ్రాయుడు.